ఒంగోలు కొండవాలులో ఇల్లు: పదకొండేళ్లు ఉన్నాక నాలుగు మాటలు

మా ఇంట్లో కుళాయి నీళ్లు మెట్లెక్కి రావు. గోడలోంచి మాత్రం పిలవకుండానే వస్తాయి. ఒంగోలు కొండవాలులో ఇల్లు కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగితే మొదట చెప్పేది ఇదే. తర్వాత కాఫీ ఇస్తాను.

ఊరి మధ్యలో కొండ, పైన చెన్నకేశవస్వామి గుడి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. మా ఇల్లు గుడికి చాలా కింద, రోడ్డు మీంచి అరవై రెండు మెట్లు ఎక్కితే వస్తుంది. 2014 మే నెలలో కొన్నాం. అంతకు ముందు ఏడేళ్లు పోతురాజు కాలువకు దగ్గరలో అద్దెకున్నాం. అక్కడ తుపాను హెచ్చరిక వినపడగానే ఫ్రిజ్‌ని మంచమెక్కించడం, బియ్యం బస్తాని అటక మీద పెట్టడం మాకు పండగ పనుల్లాగా అలవాటైపోయింది. ఒకసారి నీళ్లు తీశాక చూస్తే మా పెళ్లి ఆల్బమ్ అట్టల మధ్య బురద. మా ఆయన దాన్ని ఎండలో పెట్టి, ఆరాక కూడా విడదీయలేక, "ఇక చాలు, కొండెక్కుదాం" అన్నాడు. అలా ఎక్కాం. కింద వీధుల్లో ఒక గది కట్టుకునే స్థలం వచ్చే డబ్బుకు ఇక్కడ రెండు గదులు, వంటిల్లు, పైన డాబా వచ్చాయి. పైగా "ఇక జన్మలో ఇల్లు మునగదు" అన్న ధీమా. ఆ ధీమా గురించే ఈ రాతంతా.

మెట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మొదటి నెల ఆయాసం, రెండో నెల పిక్కల నొప్పి, మూడో నెల నుంచి ఏమీ లేదు. గ్యాస్ బండ నిండుగా ఉంటే ముప్పై కేజీలు. ఇంటిదాకా చేర్చే ఖర్చు బిల్లులోనే ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఆ పిల్లాడు బండ భుజాన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి మాట రాక నిలబడితే నోట్లోంచి రూలు రాదు, చేతిలోంచి యాభై నోటు వస్తుంది. బజారు నుంచి వచ్చాక కొత్తిమీర మర్చిపోయామని గుర్తొస్తే, ఆ పూట కూర కొత్తిమీర లేకుండానే.

ఆన్‌లైన్ సామాన్ల కథ వేరు. ఫోనులో మ్యాపుకు ఎత్తు పల్లాలు కనపడవు. వెనక వీధి మాకు నలభై మీటర్ల దూరమని చూపిస్తుంది. నిజంగానే నలభై మీటర్లే, కాకపోతే మధ్యలో బండ ఉంది.

"అక్కా, లొకేషన్ దగ్గరే ఉన్నా."

"నీకేం కనపడతాంది బాబూ?"

"బండరాయి కనపడతాందక్కా."

"ఆ బండకి ఇవతల పక్క నేనున్నా. చుట్టూ తిరిగి రా."

వారానికి ఒకసారైనా ఈ సంభాషణ నడుస్తుంది. ఒకడు పాపం బండ మీంచి పార్సిల్ విసిరేయనా అని అడిగాడు. మిక్సీ జారు కాబట్టి వద్దన్నాను.

గాలి మాత్రం మెచ్చుకోవాల్సిందే. కొత్తపట్నం సముద్రం మాకు తూర్పున పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ. వేసవిలో మధ్యాహ్నం దాకా పడమటి వడగాలి మొహం మీద కొడుతుంది. ఏ రెండింటికో మూడింటికో గాలి తిరిగిందంటే డాబా మీద ఆరేసిన చీరలు ఒక్కసారిగా పడమటి వైపు తిరిగి కొట్టుకుంటాయి. ఆ చప్పుడు వింటేనే సగం ప్రాణం లేచొస్తుంది. కింద ఉన్నప్పుడు ఈ గాలి మా దాకా వచ్చేది కాదు, అడ్డంగా అన్నీ మేడలే. మొదటి రెండేళ్లూ కనపడిన చుట్టానికల్లా ఈ గాలి గురించే చెప్పాను. ఇప్పుడు ఇంకో మాట కూడా కలుపుతున్నాను. వడగాలి గట్టిగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి లోపలికి రాలేక ఆగిపోతుంది. ఆ రోజు పగలంతా ఎండ తాగిన బండ రాత్రి పదకొండైనా వేడి కక్కుతూనే ఉంటుంది. కింద వీధుల్లో పడుకున్నవాళ్లే మాకంటే ముందు నిద్రపోతారు. ఏడాదికి పది పదిహేను రాత్రులు ఇలా ఉంటాయి. మిగతా రోజుల గాలికి నేనేం వంక పెట్టను.

ఇక నీళ్లు. ఒంగోలుకు తాగునీళ్లు నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వచ్చి సమ్మర్ స్టోరేజి ట్యాంకుల్లో నిలవుండి, అక్కడి నుంచి ఊళ్లోకి వస్తాయి. మా లైనుకు మూడు నాలుగు రోజులకొక తడవ. వచ్చినప్పుడు కింద వీధిలో కుళాయి జోరుగానే పోస్తుంది, మా గుమ్మం దగ్గర పైపు ఈల వేస్తుంది. మోటారు మెకానిక్ ఒకసారి లెక్క చెప్పాడు. ముప్పై మూడు అడుగులు పైకెక్కాలంటే ఒక కేజీ ప్రెషర్ ఖర్చవుతుందట. మా మెట్టు ఆరున్నర అంగుళాలు. అరవై రెండు మెట్లకు లెక్కేసుకుంటే దాదాపు ఆ ముప్పై మూడు అడుగులే. అంటే కింద కుళాయిలో కేజీ ప్రెషర్ ఉంటే మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సున్నా. పైగా కింద నలుగురైదుగురు పైపుకే మోటారు తగిలించి లాగుతారు. అది తప్పని వాళ్లకూ తెలుసు, గొడవ పెట్టుకోలేమని మాకూ తెలుసు. చివరికి మెట్ల మొదట్లో ఉన్న ఇంటి వదినతో కలిసి ఒక సంపు కట్టించుకున్నాం. నీళ్లు అందులో పడతాయి, అక్కడి నుంచి మోటారు పైకి తోస్తుంది. ఆ సంపు మూత మీద కూర్చుని మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు రాస్తే పెద్ద పుస్తకం అవుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎవరైనా చెప్తారు. గోడ సంగతి ఎవరూ చెప్పరు. మాకూ ఎవరూ చెప్పలేదు.

వాలులో ఇల్లు కట్టాలంటే కొండను కొంత చెక్కి చదును చేస్తారు. చెక్కినచోట నిలువుగా మట్టి, బండ కనపడతాయి. మాకు ముందున్నవాళ్లు దాన్ని ఆనించే వంటింటి వెనక గోడ లేపి, సందులో మట్టి పోసి పూడ్చేశారు. అంటే ఆ గోడ అవతలి పక్క నా ఛాతీ ఎత్తు వరకు భూమిలోనే ఉంటుంది. మేం చూసింది మే నెలలో. గోడ మీద చెయ్యి పెడితే పొయ్యి పక్క రాయిలాగా ఉంది. సున్నం కొత్తగా వేశారు. "బాగా కట్టారు" అని మా మామయ్య గోడను తట్టి మరీ మెచ్చుకున్నారు.

మా జిల్లాకు దసరా దాటాక వచ్చే వానలు గట్టివి. ఆ ఏడు వానలకు గోడ కింద వరస నల్లబడింది. 2015 నవంబరుకు నల్లదనం నడుము దాకా ఎక్కింది. పోపుల డబ్బా అడుగున తడి, అలమరాలో కాగితాల మీద బూజు. ఒక రంగుల కొట్టు ఆయన (పేరు ఎందుకులెండి) నీళ్లను ఆపే పూత ఉందని, ఐదేళ్ల గ్యారంటీ అని చెప్పి రెండు డబ్బాలు అంటగట్టాడు. లోపలి పక్క రెండు పూతలు వేయించాం. తెల్లగా, నున్నగా, ఆసుపత్రి గోడలా మెరిసింది. నెల తిరక్కుండానే అప్పడంలా పొక్కులు లేచాయి. మా అబ్బాయి అప్పుడు చిన్నవాడు, స్కూలు నుంచి రాగానే వెళ్లి వేలితో పొడిచేవాడు, టప్పున పగిలి నీళ్లు కారేవి. వాడికి అదొక ఆట. కొట్టాయన్ని అడిగితే గ్యారంటీ పూతకేగాని గోడకు కాదన్నాడు. నాకు ఇప్పటికీ అర్థం కాని వాక్యం అది.

తర్వాత ఎనిమిదేళ్లు గోడతో కాపురం చేశాం. అక్టోబరు రాగానే ఆ పక్క సామాను ఇటు జరపడం, సంక్రాంతికి సున్నం కొట్టడం. ఏదైనా ఏటేటా వస్తే అలవాటైపోతుంది కదా, కాలువ పక్కన ఫ్రిజ్ మంచమెక్కినట్టే.

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. తుపాను ఐదో తారీఖు మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. నాలుగో తారీఖు నుంచే మాకు వాన, గాలి ఆగలేదు. కాలువ పక్కన ఉండే మా పిన్ని వాళ్ల వీధిలోకి నీళ్లు రావడం మొదలవగానే నేనే ఫోను చేసి రమ్మన్నాను. పిన్ని, బాబాయి, వాళ్ల కోడలు, ఇద్దరు పిల్లలు, ఒక కుక్కర్, రెండు దుప్పట్లు, ఒక పావురాల పంజరం. మెట్ల మీద నీళ్లు వాగులా దిగుతుంటే వాళ్లు ఎదురెక్కి వచ్చారు. నాకు లోపల ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఎనిమిదేళ్లుగా "ఆ గుట్టెక్కి ఎవరొస్తారే" అని ప్రతి పెళ్లిలో దెప్పిన పిన్ని ఆ రోజు మా గుమ్మంలో నిలబడి చీర కొంగు పిండుకుంటూ, "నువ్వే నయమే అమ్మాయ్, మంచి పని చేశావు" అంది. అందరికీ వేడిగా ఉప్మా చేసిపెట్టాను. కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో, మా ఇల్లు మునగదంటే మునగదని కనీసం మూడుసార్లు చెప్పుంటాను.

రాత్రి మూడింటప్పుడు పిన్ని మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది.

"ఏమేవ్, ఇక్కడ కూడా వచ్చాయే!"

లేచి వెళ్తే చీలమండ తడిసేంత నీళ్లు. ఫోను లైటు వేసి చూశాను. గోడ మొత్తం చెమట పట్టినట్టు మెరుస్తోంది. పొయ్యి గట్టుకు జానెడు కింద గుప్పెడు ప్లాస్టరు ఊడిపడి, రెండు ఇటుకల సందులోంచి నీళ్లు బొటనవేలు లావున దుముకుతున్నాయి. మురికి నీళ్లు కూడా కాదు, తేటగా, చల్లగా. బాబాయి చెయ్యి పెట్టి చూసి, "ఇదేందే, బోరు పడింది" అన్నాడు. ఆయన నిజంగానే ఆశ్చర్యంగా అన్నాడు, కానీ నాకు ఆ రాత్రి ఆయన మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

గుడ్డలు కుక్కాం. ఒకచోట మూస్తే జానెడు పక్కన ఇంకోచోట ఊరింది. చివరికి మా ఆయన గుడ్డలన్నీ లాగేసి, కన్నం కింద తగరపు రేకు ఒకటి వంచి పెట్టి, నీళ్లు బకెట్లో పడేట్టు చేశాడు. తెల్లారేదాకా ఇద్దరిద్దరం వంతులేసుకుని బకెట్లు ఎత్తి బయట పోశాం. పిల్లలు మాత్రం హాయిగా పడుకున్నారు, పావురాలు కూడా.

అసలు కథ వాన ఆగాక. పిన్ని వాళ్ల వీధిలో నీళ్లు రెండు రోజుల్లో తీశాయి. వాళ్లు వెళ్లి ఇల్లు కడుక్కున్నారు. మా గోడ కారుతూనే ఉంది. మూడో రోజు, నాలుగో రోజు, వారం. నీలంగా ఆకాశం, చురుక్కుమనే ఎండ, వంటింట్లో ఊట. ఎనిమిదో రోజు పిన్ని ఫోను చేసింది.

"మా ఇల్లు ఎండిపోయిందే. మీదెట్టుంది?"

"ఇంకా కారతానే ఉంది పిన్నీ."

అవతల పిన్ని నవ్వు ఆపుకోవడం నాకు స్పష్టంగా వినపడింది. మొత్తం పదిహేడు రోజులు కారింది.

ఆ తర్వాత ఒక మేస్త్రీని పట్టుకున్నాం. మా ఆయన చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, అక్కడి మనిషి ద్వారా దొరికాడు. పెద్దాయన. వచ్చి గోడను చూడలేదు, ముందు ఇంటి వెనక పైకెక్కి కొండను చూశాడు. అరగంట అక్కడే తిరిగాడు. దిగి వచ్చి చెప్పాడు. పైన పడిన వాన మట్టిలో ఇంకి, కింద బండ తగలగానే ఇక దిగలేక బండ మీదుగానే జారి వస్తుంది. కొండను చెక్కినచోట బయటపడాలి. అక్కడ మా గోడ అడ్డం ఉంది, వెనక పోసిన మట్టి స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. నిండేకొద్దీ గోడను నెడుతుంది. లోపలి నుంచి ఏ పూత వేసినా వెనక నుంచి వచ్చే నీళ్లు దాన్ని తోసేస్తాయి. వాన ఆగినా కొండలో ఇంకిన నీళ్లు దిగేదాకా ఊట ఆగదు. "ఇంకొన్నేళ్లు ఇట్టాగే వదిలేస్తే గోడే వచ్చి పొయ్యి మీద పడుద్దమ్మా" అన్నాడు, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని చాలా మామూలుగా.

2024 ఏప్రిల్లో పని పెట్టాం, గోడ పూర్తిగా ఎండాక. గోడకూ కొండకూ మధ్య పద్నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, వంటింటి నేల కంటే ఇంకాస్త లోతు దాకా గాడి తవ్వారు. ఒకేసారి తవ్వితే గోడ, కొండ రెండూ జారతాయని మూడు ముక్కలుగా తవ్వారు. బయటి పక్క గోడకు సిమెంటు పూత. అడుగున నాలుగు అంగుళాల పీవీసీ పైపు, దానికి వరసగా బొక్కలు, మట్టి దూరకుండా చుట్టూ నర్సరీల్లో కట్టే పచ్చ వల. పైపు ఒక పక్కకు వాలుగా పెట్టి ఇంటి పక్క నుంచి బయటికి తీశారు. పైన కంకరతో నింపి, మీద చిన్న సిమెంటు కాలవ. అంతే. వినడానికి ఎంత సులువుగా ఉందో!

ఒక యూనిట్ కంకర అరవై రెండు మెట్లు ఎక్కాలి. నూట ఎనభై సంచుల మట్టి అవే మెట్లు దిగాలి. కంకర ఖరీదు కంటే దాన్ని మోసిన కూలి ఎక్కువైంది. మొత్తం అరవై ఒక్క వేలు. కొండ మీద ఇల్లు చవకగా వచ్చిందని మురిసిపోయినప్పుడు ఈ లెక్క ఎక్కడా వేసుకోలేదు. కింద ఇదే పని అయితే ట్రాక్టరు వచ్చి గుమ్మంలో పోసేది. ఇక్కడ ఏ రిపేరుకైనా సామాను ఖర్చు పక్కన మోత ఖర్చు రాసుకోవాల్సిందే.

2025 అక్టోబరులో మొంథా తుపాను వానలు. ఆ రెండు రాత్రులు నేను వంటింట్లోనే చాప వేసుకుని పడుకున్నాను, గోడ మీద చెయ్యి ఆనించి. తడి రాలేదు. తెల్లారి బయటికి వెళ్తే పైపులోంచి నీళ్లు ధారగా పోతున్నాయి. చిన్న బకెట్ పెట్టాను, పది నిమిషాల్లో నిండింది. గిన్నెలు తోమడానికి, వాకిలి కడగడానికి, మొక్కలకు మూడు వారాలు అవే నీళ్లు. తాగం. సాగర్ నీళ్లు ఈ మెట్లు ఎక్కలేవు, కొండ నీళ్లు మాత్రం వాటంతటవే దిగి నా బకెట్లో పడుతుంటే కాస్త క్షమించాలనిపించింది. కాస్తే. ఎందుకంటే తూర్పు మూల దగ్గర, పైపు మలుపు తిరిగేచోట, ఇప్పటికీ చెయ్యంత మేర తడి చెమ్మ వస్తూనే ఉంది. మేస్త్రీ అది ఆరిపోద్దన్నాడు. ఇంకా ఆరలేదు. పైగా మా పైపు నీళ్లు మెట్ల పక్క కాలవలోంచి దిగి నేరుగా వదిన వాకిట్లో చేరాయి. ఆమె ఏమీ అనలేదు, కానీ రెండు రోజులు సంపు మూత మీదికి కూర్చోవడానికి రాలేదు. ఇంకో ఇరవై అడుగుల పైపు కొని రోడ్డు కాలవ దాకా వేయించాక వచ్చింది.

ఇంతకీ కొనచ్చా అంటే, మీ ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. మాకు నలభై దాటాయి, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి, అబ్బాయి మెట్లు రెండేసి ఎక్కుతాడు. మా అత్తగారు మాత్రం నాలుగేళ్లుగా పైకి రాలేదు. కింద మరిది ఇంట్లోనే ఉంటారు. పండక్కి వస్తే వదిన వాళ్ల అరుగు మీద కూర్చుంటారు, పులిహోర గిన్నె నేనే కిందికి పట్టుకెళ్తాను. అది తలుచుకున్నప్పుడల్లా గాలి, వెలుతురు, మునగని ఇల్లు అన్నీ ఒక మెట్టు తగ్గుతాయి. రాత్రిపూట జబ్బు చేస్తే కుర్చీలో కూర్చోబెట్టి దింపడానికి నలుగురు మనుషులు కావాలి. మా వరసలో ఆ నలుగురూ ఉన్నారు, మీ వరసలో ఉన్నారో లేదో ముందే చూసుకోవాలి. కాగితాలు కూడా ఒకటికి రెండుసార్లు చూపించుకోండి. మాది రిజిస్ట్రేషన్ స్థలమే, ఇంకా పైకి వెళ్లేకొద్దీ అన్నీ అలా ఉండవు, బ్యాంకువాళ్లు అప్పివ్వరు. వీటన్నిటికంటే ముందు ఇల్లు ఎండాకాలంలో చూడకండి. డిసెంబరులో రండి, వెనక గోడకు వీపు ఆనించి పది నిమిషాలు నిలబడండి.

పోయిన మే నెలలో మా పైన పదిహేనో మెట్టు మీది ఇల్లు చూడటానికి ఒక కుర్ర జంట వచ్చారు. మంచినీళ్లు అడిగితే ఇచ్చి ఇదంతా చెప్పాను, గోడ కూడా చూపించాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విన్నది. అబ్బాయి డాబా మీదికెళ్లి గాలి పీల్చుకుని వచ్చి, "సూపరుగా ఉందక్కా" అన్నాడు. జూన్‌లో రిజిస్ట్రేషన్ అయిపోయింది.

మొంథా వెళ్లిన మర్నాడు పొద్దున ఆ అమ్మాయి తలుపు కొట్టింది. పంజాబీ డ్రస్సు మోకాళ్ల దాకా తడిసిపోయి ఉంది.

"అక్కా, ఆ మేస్త్రీ నంబరు ఉందన్నారు కదా."